పేరు రాయని చీటీలు

ఇవాళ పొద్దున తిరుపతిలో మా అపార్ట్‌మెంట్ మీటింగు జరిగింది. పిల్లలు ఆడుకునే జాగాను కార్లకు ఇచ్చేద్దామని ప్రెసిడెంటు అన్నాడు. ముందు వరసలో చేతులు లేచాయి, వెనక వరసలోనూ లేచాయి. నాకు ఇష్టం లేదు. అయినా నా చెయ్యీ లేచింది. ఇంటికొచ్చాక కుదురు లేదు. కుర్చీలోంచి లేస్తాను, బాల్కనీలోకి పోతాను, మళ్లీ వస్తాను. పలమనేరులో టీచరుగా పనిచేసి రిటైరైన మా మేనత్త గుర్తొచ్చింది.

చాలా ఏళ్ల కిందటి మాట. నాయనకు గుండె ఆపరేషను చేయాలని డాక్టరు చెప్పిన వారం అది. చిత్తూరులో మా ఇంటి హాల్లో ఏడుగురం కూర్చున్నాం. మా పెదనాయనది మైకు అక్కర్లేని గొంతు. వక్కాకు నములుతూ, "డెబ్బై ఏళ్ల మనిషికి ఎద కోసేదేంది? మాత్రలతో నెట్టుకొస్తే సాలు" అన్నాడు. అమ్మ తలూపింది, చిన్నాయన ఊపాడు, అక్కా ఊపింది. నాయన గోడకేసి చూస్తూ ఆయాసపడుతున్నాడు. ఆయన్నెవరూ అడగలేదు. అందరం లేవబోతుంటే అత్త నోటు పుస్తకంలోంచి ఒక కాగితం చించి ఏడు ముక్కలు చేసింది. "యాడికి పోతారు, కూర్చోండబ్బా. పెద్దన్న నోరు తెరిస్తే మీ తలకాయలు వాటంతటవే ఊగుతాయి. మీ మనసులో ఉండేది రాయండి. పేర్లు వద్దు." మొదటి ముక్క నాయన చేతిలో పెట్టింది. "కోత పడేది నీకు గదా, ముందు నువ్వు రాయి."

చీటీలు విప్పితే ఐదు 'చేయించాలి', రెండు 'వద్దు'. పెదనాయన మొహం మాడిపోయింది. అత్త గెలిచినట్టు మాట్లాడలేదు; ఆయన పక్కకెళ్లి కూర్చుని, "నీకేం భయమో చెప్పన్నా" అంది. అప్పుడు బయటపడింది: ఆయన స్నేహితుడొకడు ఇట్లాంటి ఆపరేషనుకే పోయి తిరిగి రాలేదట. మర్నాడు ఆ సంగతే డాక్టర్ని అడిగాం. అడిగింది పెదనాయనే, మూడుసార్లు. అన్నీ విన్నాక నాయన, "నాకూ భయంగానే ఉండాది. అయినా ఈ ఆయాసంతో కూలబడి ఉండేదానికన్నా అదే మేలు" అన్నాడు.

ఆపరేషను బాగా జరిగింది. నాయన ఆ తరవాత తొమ్మిదేళ్లు బతికాడు. రోజూ తెల్లారి పాలకేంద్రం దాకా నడిచి, అక్కడివాళ్లతో తగువులాడి వచ్చేవాడు. రెండో 'వద్దు' చిన్నాయనదేనని అందరూ ఆయన్ని ఏడిపించేవాళ్లు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఆ చీటీ నాది. పేరు లేని చీటీ మీద కూడా, పెదనాయన పక్కన కూర్చుని ఇంకో మాట రాయడానికి నా వేళ్లు ఒప్పుకోలేదు. ఆ సంగతి నాయనతో చెప్పాలని తొమ్మిదేళ్లూ అనుకున్నాను. రేపు చెబుదాంలే అనుకోగలిగినన్నాళ్లు, ఎంత కాలం మిగిలిందో మనిషి లెక్క చూసుకోడు.