మైలుతుత్తం తెల్లబడిన రోజు

నా చిన్నప్పుడు ఇంటికి ఎవరొచ్చినా ముందు వాళ్ళ చేతులకేసి చూసేవాణ్ణి. ఏదైనా పట్టుకుపోతారేమోనని అనుమానం. అదే తెలివనుకునేవాణ్ణి.

అమలాపురం దగ్గర మా కొబ్బరితోటకు మొవ్వుకుళ్ళు తెగులు సోకిన ఏడాది, నాన్నగారు మైలుతుత్తం తెచ్చారు. ఆ నీలి పలుకుల్ని సున్నంతో కలిపి చెట్టు తలలోని లేత మొవ్వుకు పట్టించాలి. ఆ పని మా చెట్లెక్కి కాయల దింపు తీసే మనిషిది; ఆయన్ని బాబాయీ అని పిలిచేవాణ్ణి. నన్ను "ఒరే బుల్లోడా" అని పిలిచి లేత బొండాం కొట్టిచ్చేది ఆయనే. మర్నాడు డబ్బా మూత తీస్తే లోపలంతా తెల్లటి పిండి.

ముందురోజు సాయంత్రం బాబాయి ఆ డబ్బా తెరవడం నేను చూశాను. ఆయన పంచె మడత ఉబ్బెత్తుగా ఉన్నట్టు కూడా తోచింది. "ఈయనే తీసేరు నాన్నగారూ, సుద్ద పోసేరు" అన్నాను. నాన్నగారు నన్ను కోప్పడలేదు.

"ఆయ్, ఏం మాటండీ అది! ఇన్నేళ్ళూ మీ చెట్లెక్కినోణ్ణి, ఇప్పుడు సుద్ద పూస్తానంటారా?" అంటూ బాబాయి పంచె మడత విప్పి దులిపారు. చుట్టముక్క రాలింది. అప్పుడూ నేను నమ్మలేదు. ఇంటికి చేర్చేసి ఉంటారనుకున్నాను.

రాగి కర్మాగారంలో పనిచేసే మా మావయ్య ఆ వారం మా ఇంట్లోనే ఉన్నారు. ఆయన ఆ పిండిమీద కాసిని నీళ్ళు చిలకరించారు. తడిసినచోటల్లా నీలం విచ్చుకుంది. దీన్ని వేడిచేసిందెవరని అడిగారు.

"చెమ్మగిల్లిందని రాత్రి నేనే రేకులో పోసి నీళ్ళపొయ్యి మీద పెట్టేనర్రా" అంది నాన్నమ్మ.

మావయ్య చిటికెడు పిండిని ఇనప గరిటెలో వేసి, నిప్పుల్లో ఎర్రగా కాలేదాకా ఊదారు. ఘాటైన పొగ వచ్చి పిండి నల్లబడింది. ఈసారి ఎన్ని నీళ్ళు పోసినా నీలం తిరిగి రాలేదు. మైలుతుత్తమంటే రాగీ గంధకమూ నీళ్ళూ కలిసిందేననీ, మొదటి వేడికి పోయింది నీళ్ళేననీ, ఈ వేడికి లోపలి గంధకమే విడిచిపోయిందనీ చెప్పారు. "మా కొలిమిలో రాగి ఖనిజాన్ని ఈ రెండు వేడిల మధ్యే కాలుస్తాంరా. ఆ వేడికి ఇనుముతో కలిసిన గంధకం విడిపోయి ఇనుము తుప్పుగా మిగులుద్ది, రాగి తుత్తం తట్టుకుని నీళ్ళలో కరుగుద్ది. మంట మితిమీరితే రాగీ దక్కదు."

నాన్నగారు బాబాయి చేతులు పట్టుకున్నారు. నేను తప్పయిందని చెప్పకుండానే అక్కణ్ణుంచి జారుకున్నాను.

చెట్లు బతికాయి. బాబాయి ఏటా వస్తూనే ఉన్నారు. కానీ డబ్బా మూత తీసేముందు గుమ్మం దగ్గర నిలబడి నన్ను పిలిచేవారు: "బాబుగారండీ, ఓసారొచ్చి దగ్గరుండి చూడండి."

మళ్ళీ ఎప్పుడూ నేను బుల్లోణ్ణి కాలేదు.

ఈ వయసులోనూ అనుమానం నన్ను వదల్లేదు. ఎవరినైనా ఒక మాట అనబోతే మాత్రం ఆ "బాబుగారండీ" చెవిలో పడుతుంది. చాలాసార్లు ఆగిపోతాను. ఆగలేని రోజులూ ఉన్నాయి.