వదినను నాగోల్‌కు ఇచ్చేసిన ఆదివారం

పరుగులో మా వదినకు పదికి నాలుగు మార్కులు వేశాను. అందులో నా తప్పేమీ లేదు, ఆమె పరుగే అంత. ఆస్ట్రేలియా ఫుట్‌బాల్‌లో కోడిగుడ్డు ఆకారపు బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తాలి, కాలితో తన్నాలి, పిడికిలితో గుద్ది తోటి మనిషికి అందించాలి. మా ఉప్పల్ ఆడవాళ్ల జట్టులో అందరికీ నోటుబుక్కులో మార్కులు వేసేది నేనే. సీజన్ ముందు ఎవరిని ఉంచుకోవాలో, ఎవరిని మార్చుకోవాలో తేల్చేదీ నేనే. ఆ పెత్తనం నాకెవరూ ఇవ్వలేదు, తీసుకున్నాను.

నాగోల్ జట్టులో ఒక పొడుగమ్మాయి ఉండేది. గాల్లో వచ్చే బంతిని అందరి తలల మీదుగా అందుకునేది. ఆ పిల్ల కావాలని అడిగితే, బదులు ఎవరిని ఇస్తారన్నారు. ముగ్గురి పేర్లు రాసిచ్చాను. వాళ్ల కెప్టెన్ వదిన పేరు మీద వేలు పెట్టింది. ఇంత చవగ్గా తేలిపోయిందేమిటా అని లోలోపల గంతులేశాను.

మారే మనిషికి ముందుగా చెప్పకూడదని మా జట్ల మధ్య ఆనవాయితీ. మైదానంలో పేరు చదవగానే, టీషర్టు మీద వేసుకున్న జెర్సీ విప్పి, మడతపెట్టి అప్పగించాలి. ఒకే ఇంట్లో తింటూ వారం రోజులు వదిన దగ్గర మాట పొక్కనివ్వలేదు. ఆదివారం నేనే పేరు చదివాను.

వదిన కోప్పడలేదు. జెర్సీ మడత పెడుతూ అడిగింది.

"నాగోల్‌కు నా ఎంట ఎవరొస్తరు?"

అప్పుడు గుర్తొచ్చింది. రెండేళ్ల కింద మేం ఆడతామన్నప్పుడు అమ్మ పెట్టిన షరతు ఒక్కటే. "పోతె ఇద్దరు గల్సి పోన్రి, గల్సి రాన్రి. ఒక్కతే అయితె గడప దాటేది లేదు." ఆ మాట నాకు తెలుసు. తెలిసీ, లిస్టు రాసేటప్పుడు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. నాచారంలో మా ఇంటి పనంతా తెల్లారకముందే ముగించి, వారానికి ఒక్క పూట తనకోసం బయటికొచ్చే మనిషికి ఆ పూట లేకుండా చేశాను.

ఇంటికెళ్లి చెప్తే అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ తలెత్తలేదు.

"మంచిగైంది. ఇద్దరు ఇంట్లనే ఉండున్రి."

ఇద్దరూ అన్నాకే నాకు తట్టింది. వదిన లేకపోతే నాకూ ఆట లేదు.

మర్నాడే నాగోల్ కెప్టెన్ దగ్గరికి పరిగెత్తాను. నన్నూ తీసుకోమని బతిమాలాను.

"నువ్వొద్దు చెల్లె," అంది. "బంతి దొరికితె నువ్వు ఎవ్వరికియ్యవు."

"మరి మా వదిన? ఆమె ఉరకనే ఉరకది గద."

"కింద పడ్డా బంతి ఇడువది. లేసి, ఎవరు ఖాళీగున్నరో సూసి వాళ్లకే ఇస్తది. మస్తు సార్లు నీకే ఇచ్చింది. సూస్కోలేదా?"

చూసుకోలేదు. గోల్స్ కొట్టడంలో నాకు నేను తొమ్మిది మార్కులు వేసుకున్నాను. ఆ గోల్స్‌కు బంతి ఎవరి చేతిలోంచి వచ్చిందో రాసుకోలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇప్పుడు ఉప్పల్‌లో ఆడటం మాని, ఆదివారాలు వదిన వెంట నాగోల్ వెళ్తున్నాను. ఇద్దరం కలిసి వెళ్లి కలిసే వస్తున్నాం కాబట్టి అమ్మ ఏమీ అనడం లేదు. వదిన ఆడుతుంది. నేను ఆమె చెప్పులు, నీళ్ల సీసా పెట్టుకుని గీత బయట కూర్చుంటాను.

మొన్న ఉప్పల్ జట్టుతోనే ఆట పడింది. ఇద్దరు మీద పడితే వదిన కింద పడింది. బంతితోనే లేచి, ఎవరు ఖాళీగా ఉన్నారా అని చూస్తూ, అలవాటుకొద్దీ నా వైపు తిరిగింది. నేనూ కూర్చున్నచోటే రెండు చేతులూ చాచాను. అంతలో ఆమెకు గుర్తొచ్చి, పక్కనున్న అమ్మాయికి ఇచ్చేసింది. చాచిన చేతులతో ఏం చేయాలో తెలియక, ఆమె చెప్పులు తీసి మళ్లీ సర్ది పెట్టాను.