రిబ్బను కోసం నిండుగా ఉంచిన బ్యాటరీలు

మా పొదుపు సంఘానికి డ్రోను వచ్చింది వరి చేలకు మందు కొట్టడానికి. దాని బ్యాటరీలు మాత్రం సంఘం లీడరు గారి ఇంట్లో, స్టీలు బీరువాలో, పట్టుచీరల కింది అరలో ఉండేవి. విలువైనది ఏదైనా బీరువాలోనే ఉండాలని ఆ ఇంటి నమ్మకం. ఆ బీరువా ఉన్న గదికి కిటికీ లేదు, పైన రేకులు. తాళంచెవి లీడరు గారి దగ్గర కాదు, ఆమె భర్త మొలతాడుకు ఉండేది. సంఘం ఆడవాళ్లది, తాళంచెవి మగాయనది. ఇందులో మా ఊళ్లో ఎవరికీ వింత కనిపించలేదు.

డ్రోను నడిపేది నేను. పదో తరగతి తప్పిన తర్వాత నా చదువంతా మండల కేంద్రంలో కాలవ పక్కనున్న శాఖా గ్రంథాలయంలోనే సాగింది. అక్కడికి మగవాళ్లు వచ్చేది పేపరు కోసం. ఒకే పేపరును ముక్కలు చేసి పంచుకుని, సినిమా పేజీ దగ్గర మొదలుపెట్టి, రాజకీయాల దగ్గర గొంతులు పెంచి, భోజనాల వేళకు లేచిపోతారు. సైన్సు పుస్తకాల అల్మరా వైపు ఎవరూ రారు. ఆ పుస్తకాల అట్ట వెనక అంటించిన చీటీల మీద పడిన ముద్రలన్నీ నేను తీసుకెళ్లినప్పటివే. విద్యుత్తు గురించీ, లోహాల గురించీ, బ్యాటరీల గురించీ అక్కడ దొరికిందల్లా చదివాను. డ్రోనుతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని కూడా అక్కడే, పక్కన నిఘంటువు పెట్టుకుని, మాట మాటా వెతుక్కుంటూ పూర్తిచేశాను. మా జిల్లాలో డ్రోను నడిపేవాళ్లలో ఆ పుస్తకాన్ని చివరి పేజీ దాకా చదివినవాళ్లు ఇంకెవరైనా ఉంటే వాళ్లకు నా నమస్కారం. ఉండరనే నా అనుమానం.

శిక్షణ ఇచ్చారు కదా అంటారు. ఇచ్చారు. విజయవాడలో, భవానీపురం దాటాక ఒక హాల్లో. తెర మీద కనిపించే ఇంగ్లీషు వాక్యాలను ఒకాయన పైకి చదివేవాడు. మేము చదవలేమని చదివేవాడో, ఆయనకు అర్థం కాలేదని చదివేవాడో చెప్పలేను. బ్యాటరీని ఇంట్లో ఎలా దాచుకోవాలని నేను లేచి అడిగితే, "అది ఇంట్లో పెట్టుకోవడమేనమ్మా, దాచుకోవడానికేముంది?" అన్నాడు. అందరూ నవ్వారు. భోజనానికి లేచాం.

దాచుకోవడానికి చాలా ఉంది. ఎగిరి దిగిన బ్యాటరీ వేడిగా ఉంటుంది. అది చల్లారే దాకా ఛార్జింగు పెట్టకూడదు. నాలుగైదు రోజులు పని లేదనుకుంటే, దాన్ని నింపి ఉంచకూడదు, పూర్తిగా ఖాళీ చేసి ఉంచకూడదు. సగానికి కాస్త పైన ఆపి, చల్లని చోట పెట్టాలి. ఛార్జరు మీద దానికోసం వేరే బటనే ఉంది. నిండా ఛార్జింగు చేసి ఉక్క గదిలో వారాల తరబడి వదిలేస్తే లోపల వాయువు పుట్టి ఉబ్బుతుంది. ఉబ్బినదాన్ని ఇక వాడకూడదు, అంటుకునే ప్రమాదం ఉంది. ఇంతే సంగతి. ఇది అర్థం కావడానికి డిగ్రీ అక్కర్లేదు, వినే చెవులుంటే చాలు.

లీడరు గారి భర్తకు ఈ సంగతి చెప్పిన రోజు ఆయన అరుగు మీద మరో నలుగురున్నారు.

"సగం ఏందమ్మా, సగం?" అన్నాడు. "శుభకార్యానికి పోతుంటే నిండు బిందెతో ఎదురు రమ్మంటారు. సగం బిందెతో ఎవరన్నా ఎదురొస్తారా?"

"ఇది బిందె కాదు అన్నయ్య గారూ."

"బిందె కాకపోతే ఏంటి మరి? కరెంటు పోసిపెట్టే బిందె."

అరుగంతా నవ్వింది. మా ఊళ్లో వాదన అక్కడితో తేలిపోతుంది. ముందు ఎవరు నవ్విస్తే వాళ్లదే శాస్త్రం. లోపల్నుంచి లీడరు గారు, "ఆయన ఒకసారి అన్నాక ఇంకంతే వదినా. టీ తాగి పో," అంది.

ఆయన పట్టుదలకు కారణం వేరే ఉంది. డ్రోనును ఒక పెద్దాయన వచ్చి రిబ్బను కత్తిరించి ప్రారంభించాలి. ఆ పెద్దాయన విమానంలో గన్నవరంలో దిగి మా ఊరు రావాలి. మొదటిసారి వేరే మీటింగు పడిందన్నారు. రెండోసారి వాన అన్నారు. తర్వాత అమావాస్య అడ్డొచ్చింది, ఆ తర్వాత ఎవరిదో పెళ్లి. షామియానా వేయడం, తీయడం, మళ్లీ వేయడం. ఆయన ఏ పూట దిగినా నిండు బ్యాటరీలు చూపించాలని ఈయన ఆరాటం. రోజూ పొద్దున దేవుడికి దీపం పెట్టాక బీరువా తెరిచి, ఒక్కో బ్యాటరీ బటనూ నొక్కి, నాలుగు పచ్చ లైట్లూ వెలుగుతున్నాయో లేదో చూసుకునేవాడు. ఒక లైటు తగ్గితే ఆ రోజే ఛార్జింగుకు పెట్టేవాడు. ఒంట్లో రక్తపోటు ఎంతుందో కూడా ఆయన అంత శ్రద్ధగా చూసుకోడు.

దసరా వానలు తెరిపిచ్చాక చేలల్లో వరి దుబ్బుల రసం పీల్చే సుడిదోమ మొదలైంది.

మా వీధిలోనే, చర్చి వెనక, కౌలు చేసే అక్క ఒకామె ఉంది. ఆమె కూడా మా సంఘంలో మనిషే. మొగుడూ పెళ్లాం ఇద్దరూ మురుగు కాలవ పక్కన చేను కౌలుకు పట్టారు. పండినదాంట్లో కౌలు బస్తాలు ముందు పోతాయి. ఆ తర్వాత మిగిలేదే వాళ్లకు ఏడాది తిండి. ఆమె నన్ను చేనుకు తీసుకెళ్లి దుబ్బులు విడదీసి చూపించింది. మొదళ్లలో, నీటికి కాస్త పైన, నువ్వులు చల్లినట్టు పురుగు. కంకులు అప్పుడే పాలు పోసుకుంటున్నాయి. చేను మధ్యలో మంచమంత మేర ఎండి, కాలినట్టు పడిపోయి ఉంది. ఆ సుడి రోజురోజుకూ పెరుగుతుంది, పక్కన ఇంకోటి లేస్తుంది.

వీపున మోసే పంపులతో మందు కొట్టే మనుషులందరినీ పెద్ద రైతులు ముందే మాట్లాడేసుకున్నారు. ఆమె మొగుడు ఎవరిదో పంపు అడిగి తెచ్చుకుని దిగాడు గానీ, నాటు వేసేటప్పుడు మధ్యలో బాటలు తీయలేదు. ఒత్తుగా ఉన్న చేలో మనిషి కదలడమే కష్టం. ఒక మడి పూర్తయ్యేసరికి పంపే పాడైంది. అందుకని ఇద్దరం కలిసి తాళంచెవి ఇంటికి వెళ్లాం.

"రిబ్బను కటింగు అవకుండా ఎగరేస్తే ఎట్టమ్మా?" అన్నాడాయన. "రేపు పెద్దాయనకి తెలిస్తే ఏమనుకుంటాడు?"

"ఆయనకెట్ట తెలిసిద్ది అన్నయ్యా? ఆయనకి మన ఊరి దారే తెలవట్లేదు," అంది అక్క.

"వచ్చే వారం ఖాయంగా వస్తన్నాడు. కాస్త ఓపిక పట్టు."

"నేను పడతా. దోమ పట్టద్దా?"

పోనీ బ్యాటరీలన్నా బయటికి ఇవ్వండి, ఛార్జింగు కాస్త దించి, చల్లని చోట పెడతాను అన్నాను నేను. ఆ రోజు శుక్రవారం. శుక్రవారం పూట బీరువాలోంచి ఏదీ గడప దాటకూడదన్నాడు. లక్ష్మి వెళ్లిపోతుందట. ఉక్క గదిలో, గాలాడని ఇనప పెట్టెలో ఏ దేవతైనా ఇన్నాళ్లు ఎలా ఉందో నాకు తెలియదు.

చివరికి పెద్దాయన వచ్చాడు. పొద్దున అని చెప్పి, భోజనాల వేళ దాటాక వచ్చాడు. డప్పులు, దండలు, మంగళగిరి శాలువా. మా ఆడవాళ్లను ఒకే రంగు చీరల్లో ఎండలో వరసగా నిలబెట్టారు. బ్యాటరీలు తెమ్మని ఈయన నాకు తాళంచెవి ఇచ్చాడు. అది నా చేతికి రావడం అదే మొదటిసారి.

బీరువా తెరిచేసరికి మొదటి బ్యాటరీ పూరీలా పొంగి ఉంది. రెండోదీ అంతే. ఒక్కటి కూడా తిన్నగా లేదు. వేదిక దగ్గరకు తీసుకొచ్చి చూపిస్తే, ఈయన ఒకదాన్ని డ్రోనులోకి తోయబోయాడు. పట్టలేదు. బల్ల మీద పెట్టి అరచేత్తో అదమబోయాడు.

"అన్నయ్య గారూ, అది అంటుకుంటే ముందు మీ మొహమే ఉంటది అక్కడ," అన్నాను.

చెయ్యి తీసేశాడు. ఇంతలో పెద్దాయన అటు తిరిగి, ఏమైందని అడిగాడు. "శక్తి ఎక్కువైందండి," అన్నాడు ఈయన చేతులు కట్టుకుని. "ఎక్కువైతే మంచిదేగా," అన్నాడు పెద్దాయన. ఇద్దరూ సరిగ్గా ఒకరికొకరు దొరికారు అనుకున్నాను.

బీరువా ఎక్కని బ్యాటరీ ఒకటి ఆ ఇంట్లోనే ఉందని అప్పుడు గుర్తొచ్చింది. దాని లైట్లు మొదటినుంచీ వెలగవు. లైట్లు వెలగలేదు కాబట్టి అది చచ్చిందని తీర్మానించి, ఈయన దాన్ని వంటింట్లో ఉల్లిపాయల పక్కన నేల మీద పడేశాడు. ఒక్కనాడూ ఛార్జింగు పెట్టలేదు. అందుకే అది బతికింది. ఛార్జరుకు తగిలిస్తే, కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఎంతుందో అంతే, సగానికి పైనే చూపించింది. పాడైంది లైట్లే. మిగతాది ఉపన్యాసాలు జరుగుతుండగా ఎక్కించాను. ఉపన్యాసాల వల్ల ఉపయోగం ఉండటం నా ఎరుకలో అదొక్కసారే. రిబ్బను కత్తిరించారు. ట్యాంకులో మంచినీళ్లు పోసి, ఖాళీ దొడ్డి మీద ఒక చుట్టు తిప్పాను. చప్పట్లు కొట్టారు, ఫొటోలు దిగారు, వెళ్లిపోయారు.

ఉబ్బినవాటిని ఈయన మళ్లీ బీరువాలో పెట్టబోతే నేను అడ్డం పడి, ఇళ్లకు దూరంగా ఇసక తొట్లో పెట్టించాను. ఆ సాయంత్రమే డ్రోను, జనరేటరు, ఆ ఒక్క బ్యాటరీ ఆటోలో వేసుకుని అక్క చేనుకు పోయాం.

డ్రోను పని ఒక్క బ్యాటరీతో జరిగేది కాదు. ఒకటి ఎగురుతుంటే ఒకటి చల్లారాలి, ఒకటి ఛార్జింగులో ఉండాలి. అప్పుడే పని ఆగకుండా సాగుతుంది. మాకు ఉన్నది ఒక్కటే కనుక ఒక ట్యాంకు కొట్టడం, దించడం, చల్లారే దాకా కూర్చోవడం, జనరేటరుకు పెట్టడం, మళ్లీ కూర్చోవడం. చీకటి పడేదాకా అదే, తెల్లారి మళ్లీ అదే. ఈలోపు సుడులు మాకోసం ఆగలేదు. మొత్తం చేను అందదని ఇద్దరికీ తెలిసిపోయింది. ఎక్కడ కొట్టాలో, ఎక్కడ వదిలేయాలో నేను చెప్పలేను, అది నా చేను కాదు. అక్క గట్టు మీద నిలబడి చెయ్యి చాపి చెప్పింది. "ఇది పోయింది, వదిలెయ్. ఆ పక్కది కొట్టు. ఆ మూల కూడా వదిలెయ్." చెప్పేటప్పుడు గొంతు మారలేదు. వదిలేయమన్న వైపు మాత్రం ఆమె చూడలేదు.

మధ్యాహ్నం లీడరు గారి భర్త బండి మీద వచ్చాడు. చేపలమ్మే అతని దగ్గర ఐసు అడిగి థర్మకోల్ పెట్టెలో తెచ్చాడు.

"ఇందులో పెడితే ఇట్టే చల్లారిద్ది. ఎంతసేపని కూర్చుంటారు?"

"చేప కాదది అన్నయ్యా," అంది అక్క, తల కూడా తిప్పకుండా.

తడి తగిలితే ఉన్న ఒక్కటీ పోతుందని నేను చెప్పాను. ఆయన వినలేదు గానీ, ఐసు మాత్రం కరిగిపోయింది. గట్టు మీద చాలాసేపు కూర్చుని, చివరికి తన పరిశోధన ఫలితం చెప్పాడు. "అన్నీ ఉబ్బి ఇదొక్కటే ఉబ్బలేదంటే దీంట్లోనే ఏదో తేడా ఉందమ్మా. జాగ్రత్త."

తర్వాత సంఘం మీటింగులో బ్యాటరీలకు దిష్టి తగిలిందని ఒకరు, సరుకే నాసిరకమని ఇంకొకరు అన్నారు. కొత్తవి అడగాలని తీర్మానం చేశారు. వస్తే ఎక్కడ పెడతారని నేను అడిగితే, అందరూ నన్ను వింతగా చూశారు. ఎక్కడేమిటి, బీరువాలోనే.

కోతల నాడు అక్క పిలిస్తే వెళ్లాను. మందు అందిన మేర చేను బాగానే నిలబడింది. కోత మిషను దాన్ని కోసుకుంటూ వచ్చి, మొదటి సుడి దగ్గరకు రాగానే డ్రైవరు బ్లేడు పైకెత్తి ముందుకు పోనిచ్చాడు.

"అక్కడ కూడా దించయ్యా, గడ్డన్నా వచ్చిద్ది," అని అరిచింది అక్క.

"గింజ లేదమ్మా. డీజిలు దండగ."

ప్రతి సుడి దగ్గరా అంతే. మిషను వెళ్లిపోయాక కౌలు బస్తాలు ట్రాక్టరు ఎక్కాయి. మిగిలిన బస్తాలను అక్క మొగుడు గట్టు మీద ఒకదాని మీద ఒకటి పేర్చాడు. పేర్చడానికి ఎక్కువసేపు పట్టలేదు. అక్క కొడవలి తీసుకుని ఎండిపోయిన సుడుల్లోకి దిగింది. ఆమె వెనకే నేనూ దిగాను. సాయంత్రానికి రెండు మోపులు కోసి, ఇంటికి తెచ్చి వాళ్ల గేదె ముందు వేశాం. గేదె వాసన చూసి తల పక్కకు తిప్పుకుంది.