దమయంతి గారి అయుత్తయ ప్రయాణం

2024లో నేను పలాసలోని ఒక డయాలసిస్ సెంటర్‌లో సీనియర్ నర్సుని. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ఊళ్ల నుంచి వచ్చేవాళ్లతో మా మంచాలు ఏ పూటా ఖాళీగా ఉండేవి కావు. మంగళ, గురు, శనివారాల్లో ఉదయం పూట కిటికీ పక్క మంచం దమయంతి గారిది. యాభైకి దగ్గర పడిన మనిషి. బజారులో పెయింట్ల కొట్టు నడిపేవారు. నేను సూదులు గుచ్చి మిషన్ మొదలుపెట్టగానే ఫోన్ తీసి ప్రైమర్‌లు, పుట్టీ బస్తాల ఆర్డర్లు మాట్లాడుకునేవారు.

ఆ ఏడాది అమ్మకాల్లో ముందున్న డీలర్లను కంపెనీ థాయ్‌లాండ్ తీసుకెళ్తోంది. బస బ్యాంకాక్‌లో. అక్కడి నుంచి పాత రాజధాని అయుత్తయ, ఆ తర్వాత పాత గుళ్లున్న లోప్‌బురి చూపిస్తారు. డీలరుతో పాటు ఇంకొకరు వెళ్లొచ్చు. ఆమెకు డయాలసిస్ అని తెలిసి కంపెనీ మనిషి, "మీ ఆయన్నీ మరిదినీ పంపండి" అన్నాడట.

"అమ్మింది నాను సిస్టర్. సూసొచ్చేది ఆళ్లా?" అన్నారు దమయంతి గారు. "మన అయోద్య పేరెట్టుకున్న ఊరట. నాను ఎల్తాను. ఎలాగెల్లాలో మీరు సెప్పండి."

పక్కనే నిలబడిన భర్త కామేశ్వరరావు గారు భయపడ్డారు. "అక్కడేటైనా అయితే ఎవుల్ని పిలుత్తావే?"

"పిలవడానికి నువ్వుంటావు గదా మావా."

ఒక్క డయాలసిస్ కూడా తప్పకూడదనే షరతు మీద డాక్టరు ఒప్పుకున్నారు. ప్రయాణంలో వేరే ఊళ్లో చేయించుకోవడాన్ని మేం హాలిడే డయాలసిస్ అంటాం. బ్యాంకాక్‌లో ఒక ఆసుపత్రితో మంగళ, గురువారాలకు మాట్లాడాను. వాళ్లడిగిన రక్తపరీక్షలు చేయించి, ఆమె డ్రై వెయిట్, అంటే ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు, తెలియజేశాను. సూదులు గుచ్చడానికి రక్తనాళాలు కలిపి చేసిన ఫిస్టులా ఉన్న చేత్తో బరువు మొయ్యొద్దని చెబితే, సూట్‌కేసులన్నీ భర్త వాటాకు వేసేశారు.

నా దిగులు వేరే. డయాలసిస్ మధ్యలో బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. అది మిషన్ కంటే ముందు మనిషికే తెలుస్తుంది. దమయంతి గారికైతే ఆవలింతలొచ్చి చెవులు మూసుకుపోతాయి. మా దగ్గర ఆమె ముఖం చూసి నేనే పట్టేసేదాన్ని. అక్కడ ఆ ముఖం ఎవరికీ తెలియదు.

"మీరే చెప్పాలి, అదీ ఇంగ్లీషులో" అన్నాను. "బీపీ డౌన్. స్టాప్ యూఎఫ్." యూఎఫ్ అంటే అల్ట్రాఫిల్ట్రేషన్, ఒంట్లోని నీటిని మిషన్ లాగే పని. వచ్చిన ప్రతిసారీ అనిపించేదాన్ని. రంగు తప్పొచ్చిన డబ్బా గురించి కంపెనీవాళ్లను దబాయించే గొంతుతో ఆమె అనేవారు. పక్క మంచాలవాళ్లు నవ్వేవారు.

శనివారం మా దగ్గర డయాలసిస్ ముగించుకుని విశాఖపట్నం వెళ్లి విమానం ఎక్కారు. సోమవారం అయుత్తయ ఫొటోలు వచ్చాయి. ఎర్రటి ఇటుక గోపురాలు, రావిచెట్టు వేళ్ల మధ్య ఇరుక్కున్న బుద్ధుడి ముఖం, దాని ముందు గొంతుక్కూచున్న దమయంతి గారు. ఇంకో ఫొటోలో బొండం ఆమె చేతిలో ఉంది, తాగుతున్నది ఆయన. కొబ్బరినీళ్లలోని పొటాషియం ఆమెకు ప్రమాదం. "కొబ్బరితోటల ఉద్దానం మనిసిని, బొండం ముట్టుకుని తాక్కుండా వచ్చీసేను సిస్టర్" అని వాయిస్ మెసేజ్ పెట్టారు.

మంగళవారం నేను డ్యూటీలో ఉండగా వీడియో కాల్ వచ్చింది. కామేశ్వరరావు గారు ఫోన్‌ను ఆమె వైపు తిప్పారు. "సిస్టర్, దీనికి సెమట్లట్టీసేయి!" తెర మీద ఆమె ముఖం పాలిపోయి ఉంది. నేను నోరు తెరిచేలోగానే ఆమే అక్కడి నర్సుని పిలిచి గట్టిగా అన్నారు: "బీపీ డౌన్! స్టాప్ యూఎఫ్!"

ఆ అమ్మాయి వెంటనే నీరు లాగడం ఆపి, మంచం తల వైపు కిందికి దించి, సెలైన్ ఎక్కించింది. ఫోన్ పట్టుకుని చూడటం తప్ప నేను చెయ్యగలిగింది ఏమీ లేదు. కాసేపటికి ఆమె పెదాలకు రంగు తిరిగొచ్చింది.

"నిన్న ఎండలో తిరిగి సెమటోడిసేను గావాల సిస్టర్" అన్నారు.

"రేపెక్కడికీ వద్దు, గదిలోనే ఉందుము" అన్నారు ఆయన.

"గురువారం నీరు తక్కువ తియ్యమని ముందే సెప్తాను. రేపు లోప్‌బురి సూడాల్సిందే."

నేను డాక్టరుతో మాట్లాడాను. ఎండ ముదరకముందే తిరిగి, తర్వాత వ్యానులోనే కూర్చోవాలన్నారు. ఆమె అలాగే చేశారు. గురువారం డయాలసిస్ ఏ ఇబ్బందీ లేకుండా అయింది.

శనివారం ఆమె మా సెంటర్‌కు వచ్చేసరికి అందరూ కబుర్ల కోసం కాచుకుని ఉన్నారు. భావనపాడు నుంచి వచ్చే తాతారావు గారు సముద్రం మీద వేటకు తిరిగిన మనిషి. డయాలసిస్ మొదలయ్యాక శ్రీకాకుళం దాటలేదు. అంతా విని, నన్ను పిలిచి, "సిస్టర్, కాశీలో కూడా ఈ మిషన్లుంటాయేటి?" అని అడిగారు. ఉంటాయన్నాను. తర్వాతి మంగళవారమే ఆయనకు హిందీలో నాలుగు మాటలు నేర్పడం మొదలుపెట్టాను.

ఇప్పుడు మా దగ్గర కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ వాళ్ల డ్రై వెయిట్ ఎంతో, బీపీ పడేముందు వాళ్ల ఒళ్లు ఏం చెబుతుందో, దాన్ని గట్టిగా ఎలా చెప్పాలో మొదటి వారంలోనే నేర్పుతాను. మంచం పక్కన నేను లేనిచోట కూడా వాళ్లు క్షేమంగా ఉండాలి. అది చూసుకోవడం కూడా నా ఉద్యోగమేనని నాకు దమయంతి గారి వల్ల తెలిసింది.