వీధివైపు తిప్పిన చెప్పులు

ఏ ఇంట్లో ప్రార్థనకు వెళ్లినా, మా పాస్టరమ్మగారు చెప్పులు వీధివైపు తిప్పి విడిచేవారు. ఆమెన్ అనగానే వాటిలో కాళ్లు పెట్టేసేవారు. జ్వరపడ్డవాళ్ల కోసం ప్రార్థించారంటే, మరుక్షణం వాళ్లింటికి గంజితో బయలుదేరినట్టే.

ఒక మధ్యాహ్నం స్త్రీల కూడికలో నేను కళ్లు తుడుచుకుంటూ, "మా అక్కతో ఆరేళ్లుగా మాటల్లేవండి. తన మనసు మారాలని ప్రార్థించండి," అన్నాను. అందరం ప్రార్థించాం. నేను టీ గ్లాసు అందుకునేలోపే ఆవిడ గుమ్మంలో ఉన్నారు.

"పదమ్మా, మీ అక్కావాళ్లుండేది తణుకులోనే కదా! ఆటో ఉంది."

"ఇప్పుడేనా అండీ? ముందు దేవుడు అక్క మనసు మార్చాలి కదండీ!"

"నువ్వు ఆమెన్ అన్నావా, లేదా?"

ఆటో ఎక్కక తప్పలేదు. అక్క తలుపు తీసింది. ఎలా వచ్చిందో మాట, "తప్పు నాదేనక్కా. నీ మనసు మారాలని ప్రార్థిస్తూ కూర్చున్నాను," అనేశాను. అక్క నన్ను వాటేసుకుని భోరుమంది.

"నీ మనసు మార్చమని నేనూ రోజూ ప్రార్థిస్తున్నానే!"

ఇద్దరం ఏడుస్తూనే పకపకా నవ్వేశాం. ఆరేళ్లు ప్రార్థించాం కానీ, ఇద్దరిలో ఒక్కరమూ గడప దాటలేదు!

ఇప్పుడు కూడికకు కలిసే వెళ్తున్నాం. చెప్పులు మాత్రం వీధివైపు తిప్పి విడుస్తున్నాం.