తౌకే క్షమించిన రోజు

కోడలు వంటింట్లో ఊరగాయకు నిమ్మకాయలు కోస్తూ ఉంటుంది. ఆ పులుపు వాసన వరండాలోకి రాగానే నేను లేచి కొబ్బరితోటలోకి వెళ్లిపోతాను. ముసలాయనకు నిమ్మకాయంటే ఏం కోపమో అని ఆ పిల్ల నవ్వుతుంది. నా కోపం కాయ మీద కాదు. ఒకప్పుడది ఒక పెద్దమనిషి మీద, ఇప్పుడు నా మీదే. ఆయన పేరు రాయను. ఆయన కొడుకులు ఈ మలయా దేశపు పేరాక్‌లో ఇంకా పెద్దమనుషులుగానే చలామణీ అవుతున్నారు.

చీనా షావుకారును ఇక్కడ తౌకే అంటారు. మా తౌకే తగరపు గనులకు పెట్టుబడి పెట్టేవాడు. రాష్ట్ర సభలో ఇంగ్లీషు దొరల సరసన కూర్చునేవాడు. బడి కట్టించాడు, ఆసుపత్రి కట్టించాడు. బాగన్ దాతుక్‌లో తోటకూలీ కొడుకునైన నాకు నాలుగు భాషలు వచ్చని విని, పిలిపించి తన గనిలో దుబాసీగా పెట్టుకున్నాడు. గని అంటే సొరంగం కాదు, ఊరంత గొయ్యి. నీళ్లధారతో గట్టును కొట్టి, జారిన బురదలోంచి తగరం తీస్తారు. చేరిన వారంలోనే ఆయన నన్ను గట్టు అంచుకు తీసుకుపోయి మోకాళ్ల మీద కూర్చోబెట్టాడు. నేల సన్నగా చీలి ఉంది. "మనుషులు అబద్ధమాడతారు, మట్టి ఆడదు," అన్నాడు మలయ్ భాషలో. "చీలికలో వేలు పట్టిందంటే కింద మనిషిని ఉంచకు." మా నాన్న కూడా నన్ను అంత దగ్గర కూర్చోబెట్టుకుని ఏదీ నేర్పలేదు. ఆ రోజునుంచీ నాకు ఆయన దేవుడే, దాచడమెందుకు.

గనికి కట్టుబాట్లుండేవి. చెప్పులతో దిగకూడదు, గొడుగు విప్పకూడదు, నిమ్మకాయ అసలే తేకూడదు. తెస్తే తగరాన్ని కాచే భూతాలు అలుగుతాయని పాతకాలపు మలయ్ మంత్రగాళ్లు పెట్టిన నియమం. చీనా కూలీలు కూడా దాన్ని తు.చ. తప్పకుండా పాటించేవారు. మా తెలుగు జట్టుకు మేస్త్రీ అప్పలస్వామి, విజయనగరం వైపునుంచి వచ్చినవాడు. కొత్త పంపు దిగిన రోజున మనవాళ్లు ఏ యంత్రానికైనా చేసేదే చేశాడు. బొట్టుపెట్టి, దిష్టి తగలకుండా నిమ్మకాయలూ మిరపకాయలూ గుచ్చి వేలాడదీశాడు. గని కట్టుబాటు అతనికి ముందే చెప్పాల్సినవాణ్ణి నేను. నాకా సంగతే తట్టలేదు.

అంతకు ముందురోజే గట్టు మీద చీలికలో నా వేలు పట్టింది. పరుగున పోయి తౌకేకు చెప్పాను. ఆయన వచ్చి, వంగి, తన వేలూ పెట్టి చూశాడు. తగరం ధర మంచి ఊపుమీదున్న రోజులవి. ఇంకో మూడు రోజులు ఆగుతుందిలే అని లేచి చేతులు దులుపుకున్నాడు. ఆయన వెనకే నేనూ లేచి వచ్చేశాను, కింద పని ఆగలేదు.

పంపుకు దండ కట్టిన మర్నాడు పొద్దున్నే గట్టు కూలింది. నలుగురు పోయారు. ముగ్గురు చీనావాళ్లు, నాలుగోవాడు అప్పలస్వామి సొంత తమ్ముడు. బురద తవ్వి శవాలను తీసేసరికి మధ్యాహ్నం దాటింది. అప్పుడెవరో నిమ్మకాయలు చూశారు. అప్పలస్వామి మీదికి పారలు లేచాయి. తౌకే అడ్డం వచ్చి, దండ తెంపి పారేసి, పాపం తెలియక చేశాడు, కొట్టకండి అన్నాడు. అప్పలస్వామి ప్రాణం కాపాడిన దయామయుడని ఊరంతా చెప్పుకుంది. చీలిక మాట ఆయన ఎత్తలేదు. విచారణకు వచ్చిన దొర అడిగితే నేనూ ఎత్తలేదు. తిలాపాపం తలా పిడికెడు అంటారు, నా పిడికెడు పెద్దదే.

ఆ ఏడాదే ఆయన ఆసుపత్రికి కొత్త వార్డు కట్టించాడు. గట్లు నిలువుగా కోయకూడదని సభలో పట్టుబట్టి దొరలను ఒప్పించాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని లోపల అనుకునేవాణ్ణి. కానీ ఆ వార్డులో ఎందరో బతికి బయటపడ్డారు, అదీ నిజమే. అప్పలస్వామిని మాత్రం మళ్లీ ఏ జట్టూ పనికి పిలవలేదు. రోడ్ల వెంట గడ్డి కోసి బతికాడు. కొన్నేళ్లకు ఊపిరితిత్తులు చెడి ఆ వార్డుకే చేరాడు.

తౌకే నెలకోసారి రోగులను చూడటానికి వచ్చేవాడు, వెనకాల నేను. ఆ రోజు మమ్మల్ని చూసి అప్పలస్వామి లేవలేక లేచి చేతులు జోడించాడు.

"బాబూ, తౌకేగోరికి సెప్పు. ఆ నలుగుర్నీ నానే సంపినాను. నా తమ్ముణ్ణీ నానే సంపుకున్నాను. ఎరక్క సేసినాను. ఒగ్గీమని అడుగు, బాబూ."

ఒక్క మాట వదలకుండా మలయ్‌లోకి చెప్పాను. తౌకే నా కళ్లలోకి చూశాడు. ఇద్దరికీ గుర్తొచ్చింది ఒకటే. ఇప్పుడైనా చెబుతాడనుకున్నాను. చివరికి అప్పలస్వామి తల మీద చెయ్యి వేసి, "క్షమించానని చెప్పు," అన్నాడు.

"తౌకే నిన్ను క్షమించినాడు, మావా," అన్నాను.

అప్పలస్వామి హాయిగా ఏడ్చాడు. మూడోరోజున పోయాడు.

తౌకే పోయినప్పుడు ఊరు ఊరంతా శవం వెంట నడిచింది, నేనూ నడిచాను. ఏడ్చాను కూడా, దొంగ ఏడుపు కాదది. ఈనాటికీ వాన వెలిస్తే మా తోట పక్క కాలవ గట్టు అంచుకు పోయి నేల చూస్తాను, పిల్లలను ఎక్కడ ఆడనివ్వాలో దాన్నిబట్టి చెబుతాను. అది ఆయన పెట్టిన భిక్ష. ఆయన అన్నదే అనడం కూడా ఆయన దగ్గరే అలవాటైంది. ఆయనను ఎప్పుడో క్షమించాను. నిజం చెబితే ఆయనకు పోయేది చాలా ఉంది. నాకేం పోయేది? ఆ మంచం దగ్గర తెలుగు వచ్చినవాళ్లం నేనూ అప్పలస్వామీ ఇద్దరమే. నీ తప్పు కాదు మావా, గట్టు ముందే చీలింది అని ఒక్క ముక్క అంటే తౌకేకు అర్థమయ్యేదే కాదు. అనలేదు.