మైకక్క నిలబడ్డ మెట్లు

ఆసుపత్రి లాండ్రీలో కొన్నేళ్ళు పనిచేస్తే రెండిట్లో ఒకటి తప్పదు. చెవులు మందగించడమో, గొంతు పెరగడమో. మైకక్కకు గొంతు పెరిగింది. ఉతికే యంత్రాల డ్రమ్ములు తిరుగుతున్నప్పుడు ఆ గదిలో పక్కనున్న మనిషి పెదవులు కదలడం కనిపిస్తుందే తప్ప మాట వినిపించదు. అలాంటి చోట తడి దుప్పట్ల బండి దగ్గర నిలబడి ఆవిడ ఒక్క కేక వేస్తే, అవతలి చివర ఇస్త్రీ రోలరు దగ్గర నేను ఉలిక్కిపడేదాన్ని. అలా అందరికీ మైకక్క అయిపోయింది. ఆవిడ అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తొచ్చేది కాదు.

దుప్పటి మడత ఇద్దరి పని. చెరో రెండు కొసలు పట్టుకుని ఒక్క విసురు విసిరి, ఎదురెదురుగా నడిచి కొసకు కొస కలపాలి. అలా రోజంతా దగ్గరవుతూ దూరమవుతూ మేమిద్దరం మాట్లాడుకునేది ఒక్కటే, ఫుట్‌బాల్.

ఆ పిచ్చి ఆవిడకు పుట్టింటి నుంచి వచ్చింది కాదు. అత్తింట అంటుకుంది. పెళ్ళయిన కొత్తలో అత్తాకోడళ్ళకు పొయ్యి దగ్గర ఏదో మాటా మాటా పెరిగి, ఇద్దరూ మొహాలు ముడుచుకుని కూర్చున్నారట. అత్తగారు స్కూలు యూనిఫాంలు కుట్టే మనిషి. ఉన్నట్టుండి మిషను మీద గుడ్డ కప్పి, చెప్పులేసుకుని, "రావే, ఇక్కడ అరుచుకునే బదులు అక్కడ అరుద్దాం" అని కోడలిని స్టేడియానికి లాక్కుపోయింది. గోలు వెనక కుర్చీలు లేని సిమెంటు మెట్లు. అన్నిటికన్నా చవక టికెట్టు అక్కడే. సగం ఆట అయ్యేసరికి కోడలి అరుపులకు ముందు మెట్టువాళ్ళు వెనక్కి తిరిగి చూడటం మొదలుపెట్టారు. అత్తగారు గర్వంగా, "మా కోడలే" అని చెప్పుకుందట. వారమంతా ఆ ఇంట్లో ఉప్పూ నిప్పూ. ఆట రోజున మాత్రం ఇద్దరిదీ ఒకే పక్షం. ఫ్యాన్లు రిపేరు చేసుకునే మైకక్క భర్తకు ఆటంటే పడదు. ఇద్దరూ బయటికి పోతే ఇల్లు ఇల్లులా ఉంటుందని, వారానికి రెండు మ్యాచ్‌లు పెడితే బాగుండుననేవాడు.

మా స్టేడియం పాడుబడిందన్న మాట నిజం. పైకప్పు రేకులు తుప్పుపట్టి, వాన పడితే బయటికన్నా లోపలే ఎక్కువ తడిసేవాళ్ళం. ఆడవాళ్ళ మరుగుదొడ్డికి గడియ ఉండేది కాదు, ఒకరు వెళ్తే ఒకరు కాపలా. కొత్తది కట్టొద్దని మాలో ఎవరూ అనలేదు. ఈ మాట ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే తర్వాత క్లబ్బువాళ్ళు మమ్మల్ని అభివృద్ధికి అడ్డంపడే గుంపు అన్నారు.

కొత్త స్టేడియం బొమ్మ పేపర్లో పడ్డ రోజు లాండ్రీ ఎదురుగా ఉన్న టీకొట్టు దగ్గర పనులన్నీ ఆగిపోయాయి. గాజు గిన్నెను బోర్లించినట్టుంది అది. డబ్బున్నవాళ్ళకు గాజు గదులు, వాటికి లిఫ్టులు, మిగతా అంతటా కుర్చీలు. ఖర్చు చదివిన టీకొట్టాయన సున్నాలు వేలితో లెక్కపెట్టబోయి, మధ్యలో ఎవరో టీ అడిగితే వదిలేశాడు. పోస్ట్‌మ్యాన్‌కు బొమ్మ తెగ నచ్చింది. మన ఊరు టీవీలో కనపడాలంటే ఇలాంటిదే ఉండాలన్నాడు. మందుల షాపాయన మాత్రం, "గోలు ఆపే దిక్కులేదు గానీ గాజు గిన్నెట. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె" అన్నాడు. మైకక్క పేపరు అటు తిప్పి ఇటు తిప్పి చూసి, మెట్లు ఎక్కడున్నాయని అడిగింది. ఎవరికీ కనిపించలేదు.

అభిమానుల అభిప్రాయాలు తెలుసుకుంటామని క్లబ్బువాళ్ళు టౌను హాల్లో సభ పెట్టారు. అత్తాకోడళ్ళతో పాటు నేనూ వెళ్ళాను. బల్ల మీద స్టేడియం నమూనా, అందులో అగ్గిపుల్ల తలలంత మనుషులు, అందరూ కూర్చునే ఉన్నారు. డిజైను గీసినాయన దాని అందం గురించి చాలాసేపు చెప్పాడు. బాగానే చెప్పాడు, వింటుంటే నాక్కూడా ముచ్చటేసింది. తర్వాత క్లబ్బు మేనేజరు మైకు పట్టుకుని మా అభిప్రాయం అడిగాడు. కుర్చీలు ఎర్రవి కావాలో నీలివి కావాలో చేతులెత్తి చెప్పమన్నాడు. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది. హాలంతా ఎరుపుకే చేతులెత్తింది.

మైకక్క చెయ్యి ఎత్తలేదు. లేచి నిలబడింది. మెట్లు ఏమయ్యాయని అడిగింది. ఆవిడకు మైకు అక్కర్లేదు.

మేనేజరు నవ్వాడు. "కూర్చుని చూస్తే హాయి కదమ్మా?"

"హాయి కావాలంటే ఇంట్లోనే ఉంటాం సార్. ఇక్కడికి అరవడానికొస్తాం. మెట్లు తీసేస్తే చవక టికెట్టు కూడా పోతుంది. ఆ ముక్క దాచిపెట్టి రంగు అడుగుతారేంటి?"

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. మేనేజరు ఇంకా జవాబు చెప్పకముందే మా పక్క నుంచి అత్తగారు కర్ర ఆనించుకుని లేచింది. కోడలి సంగతెలా ఉన్నా తనకు కుర్చీ కావాలంది. మోకాళ్ళు అరిగిపోయాయి, ఎన్నాళ్ళని మెట్ల మీద నిలబడేదంది. జనం గొల్లున నవ్వారు. మేనేజరు మొహం చాటంతయింది, చూశారా, సొంత అత్తగారే ఏమంటున్నారో వినండి అన్నాడు. మైకక్క గిర్రున అత్తగారి వైపు తిరిగింది.

"ఆ కుర్చీ టికెట్టు ఎంత నాయనా?" అని అడిగింది అత్తగారు.

ఆయన మైకు కిందికి దించాడు. ఇంకా ఖరారు కాలేదని, ఇప్పటిదానికి రెట్టింపు పైన ఉండొచ్చని అన్నాడు.

"నేనడిగింది కుర్చీ," అందావిడ. "సింహాసనం కాదు."

ఆ మాటకు హాలు దద్దరిల్లిపోయింది. అయినా ఇంటికి వెళ్ళే దారంతా ఇద్దరూ కొట్టుకుంటూనే నడిచారు. నలుగురిలో నా పరువు తీశావని కోడలు, నీ పరువు కోసం నా మోకాళ్ళు అరగదీసుకోవాలా అని అత్త.

అభిప్రాయాలు తెలుసుకున్నారు కదా, కొన్నాళ్ళకు జనానికి అలవాటు కావాలని పాత మెట్ల మీదే, మేము ఎప్పుడూ నిలబడే సగం మేర కుర్చీలు బిగించారు. నీలివి. ఆ శనివారం ఆట మొదలవుతుంటే, దయచేసి అందరూ కూర్చోవాలని స్పీకరులో చెప్పారు. చాలామంది కూర్చున్నారు. అబద్ధమెందుకు, నేనూ కూర్చున్నాను. అత్తగారైతే అందరికన్నా ముందే, కర్ర ఒళ్ళో పెట్టుకుని తీరిగ్గా కూర్చుంది. మైకక్క కూర్చోలేదు. వెనకాయన తనకు ఆట కనపడటం లేదని విసుక్కున్నాడు.

"లేచి నిలబడు, కనపడుతుంది," అందావిడ.

కాపలావాళ్ళు వచ్చి ముందు మర్యాదగానే చెప్పారు. తర్వాత జబ్బ పట్టుకున్నారు. "చెయ్యి తియ్యి, నాకు నడక వచ్చు" అని ఆవిడ తనే గేటు వైపు నడిచింది. ఆవిడ ఒక్కో మెట్టు దిగుతుంటే ఆ వరుస వాళ్ళు లేచి నిలబడటం మొదలుపెట్టారు. నేను లేచాను. విసుక్కున్న వెనకాయన కూడా లేచాడు. అత్తగారొక్కతే లేవలేదు.

సీజన్ ముగిసేదాకా ఆవిడను లోపలికి రానివ్వకూడదని క్లబ్బు నిషేధం పెట్టింది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని భర్త బుద్ధి చెప్పబోయాడు. మంచి నోరు కాబట్టే ఊరంతటికీ వినిపిస్తోందని ఆవిడ అతని నోరు మూయించింది. అరుపుల్లో తప్ప ఆవిడ ఆ వారం నాతో సరిగ్గా మాట్లాడలేదు. దుప్పటి విసిరితే కొస నా చేతుల్లోంచి ఊడిపోయేది. అంత కసిగా విసిరేది.

తర్వాతి మ్యాచ్‌కు అత్తగారిని నేనే తీసుకెళ్ళాను. మెట్లన్నీ నిండాయి గానీ ఎవరి నోరూ పెగలడం లేదు. మామూలుగా మైకక్క, "ఎవరిదీ నేల?" అని అందుకుంటే, "మనదే నేల!" అని మేమంతా జవాబిచ్చేవాళ్ళం. ఆ అందుకునే మనిషి లేకపోయేసరికి పెళ్ళికూతురు లేని పెళ్ళిలా ఉంది. ఎవరో కుర్రాడు ప్రయత్నించాడు, గొంతు జీరపోయి మానుకున్నాడు.

అప్పుడు మా వెనక, ప్రహరీ గోడ అవతల నుంచి వినిపించింది. "ఎవరిదీ నేల?"

ఆ గోడ వెనక ట్రాన్స్‌ఫార్మరు, చెత్త తొట్లు తప్ప ఏమీ లేని సందు ఉంది. ఆవిడ అక్కడ నిలబడి అరుస్తోంది. లోపల మేమంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అందరికన్నా ముందు జవాబిచ్చింది నా పక్కన కూర్చున్న ముసలామె. "మనదే!" అంది, పీలగా, ఆయాసపడుతూ. రెండోసారి అడిగేసరికి మెట్లన్నీ జవాబిచ్చాయి. అవతలి జట్టు గోల్‌కీపరు ఆట వదిలేసి గోడ వైపు చూశాడు. మీరు లేచి నిలబడలేదేం అని అత్తగారిని ఏడిపించాను. కూర్చునే అరుస్తానని, అది తన ఇష్టమని అందావిడ.

ఆపైన ప్రతి మ్యాచ్‌కూ అదే తంతు. క్లబ్బువాళ్ళు ఆవిడ గొంతు మునిగిపోయేలా స్పీకర్లలో పాటలు పెట్టారు. ఆవిడ పాట అయ్యేదాకా ఊరుకుని మళ్ళీ మొదలుపెట్టేది. క్రమంగా టికెట్టు కొనడం మానేసి ఆ సందులోకే వచ్చి నిలబడేవాళ్ళు ఎక్కువయ్యారు. ఆట కనపడదు, లోపలి కేకల్ని బట్టి ఏం జరుగుతోందో ఊహించుకోవడమే. లోకల్ కేబుల్ టీవీలో చూస్తే గోలు వెనక నీలి కుర్చీలు ఖాళీగా కనపడేవి, అరుపులు మాత్రం ఎక్కడినుంచో వచ్చేవి. కొత్త స్టేడియానికి ముందస్తు టికెట్లు అమ్మడం అప్పుడే మొదలైంది. అవి ఎవరూ కొనడం లేదని పేపర్లో రాశారు.

ఈలోగా లాండ్రీ సూపర్‌వైజరు ఆవిడను పక్కకు పిలిచి, పైవాళ్ళకు ఎవరో ఫోన్ చేశారని, కాస్త చూసుకోమని చెప్పాడు. దుప్పట్లు శుభ్రంగా లేకపోతే అడగమని, తన శనివారాలు ఆసుపత్రివి కావని ఆవిడ అందరికీ వినపడేలా జవాబిచ్చింది. ఆ రోజు మధ్యాహ్నం అన్నం మాత్రం సగంలో వదిలేసి చెయ్యి కడుక్కుంది. ఉద్యోగం పోతే ఎలా అని నేనడిగితే, పోయినప్పుడు చూద్దాం అంది. భయం లేక కాదు, భయాన్ని లెక్కచెయ్యక.

చివరికి మేనేజరే లాండ్రీకి వచ్చాడు. డ్రమ్ముల మోతలో ఆయన ఏమంటున్నాడో మాకు అర్థం కాలేదు. నేను రోలరు దగ్గరికి వెళ్ళాల్సి వచ్చి దుప్పటి వదిలితే, మైకక్క ఆ కొసలు ఆయన చేతిలో పెట్టింది. సూటు వేసుకున్న మనిషి ఏం చెయ్యాలో తెలియక పట్టుకునే నిలబడ్డాడు. డ్రమ్ము ఆగాక ఆయన మాటలు వినిపించాయి.

"పొరపాటైందని ఒక్క ముక్క చెప్పండి చాలు. నిషేధం ఎత్తేస్తాం. కొత్త స్టేడియంలో జీవితాంతం ముందు వరుసలో మీకో సీటు."

"నేను చేసిన పొరపాటేంటో మీరు చెప్పండి సార్."

"కూర్చోమంటే నిలబడ్డారు."

"మీరూ నిలబడే ఉన్నారుగా. ఆ కొస పైకెత్తండి, నేల తగులుతోంది."

ఆయన ఎత్తాడు. కోపం తెచ్చుకోలేదు, అందుకు మెచ్చుకోవాలి. ఖర్చంతా గాజు గదుల మీదే తిరిగి వస్తుందని, మెట్ల వల్ల క్లబ్బుకు ఏమీ మిగలదని ఓపిగ్గా చెప్పాడు. ఆ మాటలో అబద్ధం లేదు.

"అలాగైతే ఆ గాజు గదులవాళ్ళనే అరవమనండి," అంది మైకక్క.

ఆయన దుప్పటి మడత పూర్తి చేయకుండానే వెళ్ళిపోయాడు. మళ్ళీ విసిరి మడవాల్సి వచ్చింది.

వాన పడే రోజులొచ్చాయి. సందులో జనం గొడుగులేసుకుని నిలబడ్డారు. సీజన్ ముగిసే ముందు డిజైను మార్చామని క్లబ్బు ప్రకటించింది. ఒక గోలు వెనక మెట్లు ఉంటాయట, కుర్చీలు ఉండవు, టికెట్టు పాత ధర మీద కొంచెమే ఎక్కువ. పక్కగా రెండు వరుసలు ముసలివాళ్ళకు కుర్చీలు, అదే ధరకు. గాజు గదులు అలాగే ఉన్నాయి. రెండు పక్కలా టికెట్లు రెట్టింపయ్యాయి. అక్కడ పిల్లలతో వచ్చి కూర్చునే కుటుంబాలు ఇప్పుడు రావడం లేదు, టీకొట్టాయన కుటుంబం కూడా. గుడ్డికన్నా మెల్ల నయమని మందుల షాపాయన అన్నాడు. గెలిచావని ఎవరైనా అంటే మాత్రం మైకక్క ఒప్పుకునేది కాదు. "సగం," అనేది.

కొత్త స్టేడియం కట్టడం పూర్తయ్యాక, ప్రారంభం రోజున ఆవిడను గాజు గదికి పిలిచారు. వెళ్ళలేదు. మాతోపాటు గేటు దగ్గర వరుసలో నిలబడింది. టికెట్టు చూపిస్తే మెషిను ఎర్ర దీపం వేసింది. పిలవడమైతే పిలిచారు గానీ, ఎప్పుడో గడువు తీరిన నిషేధాన్ని మెషిన్లోంచి తీసెయ్యడం మర్చిపోయారు. ఆవిడ పక్కకు తప్పుకోలేదు, వెనకవాళ్ళు ఆవిడను దాటి పోలేదు. వరుస రోడ్డు దాకా పెరిగింది. ఎవరో పరుగెత్తుకుని వెళ్ళి మేనేజరును తీసుకొచ్చారు. ఆయనే గేటు తెరిచాడు. మైకక్క లోపలికి నడిచింది. అత్తగారు తన కుర్చీలో కూర్చుని, ఇంత డబ్బు పోసి ఇంత గట్టి కుర్చీ చేశారేమిటని సణిగింది. ఆ రోజు మేము ఓడిపోయాం.

తర్వాతి శనివారం మెట్ల దగ్గర ఎంత వెతికినా మైకక్క కనపడలేదు. మైదానానికి అవతలి చివర నుంచి గొంతు వినిపించింది. అటువైపు గోలు వెనక అన్నీ కుర్చీలే, టికెట్టు ఖరీదెక్కువ. సగం ఆట అయ్యాక చుట్టూ తిరిగి వెళ్ళి చూస్తే, కూర్చున్న జనం మధ్య ఆవిడొక్కతే నిలబడి ఉంది. ఇక్కడ కుర్చీలున్నాయి కదక్కా అన్నాను.

"ఉంటే ఉన్నాయి," అని, నాకు పక్కన చోటిచ్చింది.